పదమూడో వార్డు ఆనంద లక్ష్యం

ఆ ఊరి పేరు చెప్పను. చెబితే అదనపు కమిషనరు గారు నొచ్చుకుంటారు. సముద్రం ఉంది, కొండ ఉంది, కొండ మీద పదమూడో వార్డు ఉంది. మిగతాది మీకు తెలిసిన ఊరే అనుకోండి.

సంస్కారవంత నగరాల పోటీలో ఆ ఊరికి నలభై ఒకటో స్థానం వచ్చింది. పోటీకి దిగినవి నలభై రెండు. నలభై రెండో ఊరు వరదలో మునిగి ఫారాలు పంపలేకపోయింది. హార్బరు రోడ్డులో మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీకి సున్నం వేసి, సమకాలీన కళాకేంద్రమని పేరు పెట్టి, గోడల నిండా బొమ్మలు తగిలించి, పక్కనే కాఫీ మీద నురుగుతో ఆకు గీసిచ్చే కెఫే కూడా పెట్టిన తర్వాత వచ్చిన స్థానం అది. మార్కుల కాగితం అడుగున ఢిల్లీ వాళ్ళు మూడే మూడు వాక్యాలు రాశారు: "కళ ఉన్నది. వీక్షకులు ఉన్నారు. వీక్షకులు ఆనందించినట్లు ఆధారములు లేవు."

ఆధారాలు లేవంటే ఏ ఆఫీసుకైనా తల తీసేసినట్టే. వారం తిరక్కుండా కార్పొరేషన్లో కొత్త హోదా ఒకటి పుట్టింది: అదనపు కమిషనరు (ఆనందం). అంతవరకు అదనపు కమిషనరు (డ్రైనేజీ)గా ఉన్న శేషశయనం గారే ఆ బాధ్యత తీసుకున్నారు. గదీ కుర్చీ మారలేదు. తలుపు మీద బోర్డులో బ్రాకెట్లోని మాట ఒక్కటే మారింది.

ఆయన పెట్టిన మొదటి సమావేశానికి వార్డుల ఆర్.పి.లందరూ వచ్చారు. ఆర్.పి. అంటే మహిళా సంఘాలకూ కార్పొరేషనుకూ మధ్య తిరిగే మనిషి. కాగితం మీద ఆ పనికి చాలా పెద్ద వివరణ ఉంది గానీ, వాడుకలో అర్థం ఒకటే: సభకి జనాన్ని తెచ్చే మనిషి. పదమూడో వార్డు ఆర్.పి. నూకరత్నం ఆ పనిలో ఆరితేరింది. మంత్రిగారి సభ కానీ, మొక్కలు నాటే వారోత్సవం కానీ, చేతులు కడుక్కునే దినోత్సవం కానీ, ఒక్క ఫోను కొడితే రెండు బస్సుల ఆడవాళ్ళు కొండ దిగి వచ్చేవాళ్ళు. నూకరత్నం చెయ్యెత్తితే చప్పట్లు, దించితే నిశ్శబ్దం. పదిహేనేళ్ళుగా ఆ ఊళ్ళో వినబడ్డ చప్పట్లలో సగం ఆమె చేతి చలవే.

శేషశయనం గారు గొంతు సవరించుకున్నారు. "నగర ప్రజానీకంలో సమకాలీన కళల పట్ల ఆనందాన్ని సంతృప్త స్థాయిలో అమలుపరచవలెనని నిర్ణయించడమైనది. ఇందు నిమిత్తం ప్రతి వార్డుకూ నెలకు ఆరువందల ఆనందాల లక్ష్యం విధించడమైనది."

నూకరత్నం లేచి నిలబడింది. "ఆనందాలంటే మనుషులాండీ?"

"కాదు. ఒక వ్యక్తి, ఒక కళాఖండం ముందు, ఒక పర్యాయం ఆనందించినచో దానిని ఒక ఆనందంగా పరిగణిస్తాం. అదే వ్యక్తి రెండో కళాఖండం ముందు ఆనందిస్తే అది రెండో ఆనందం. ఈ విషయంలో క్షేత్రస్థాయిలో ఎటువంటి గందరగోళానికీ తావుండరాదు."

"మరి ఆనందం రాకపోతేనండీ?"

శేషశయనం గారు నవ్వారు. కాగితం తిప్పి చదివారు. లక్ష్యం చేరని వార్డు ప్రజలు కళకు దూరంగా ఉన్నారని భావించి, కళనే వారి చెంతకు చేర్చడం జరుగుతుంది. అనగా సదరు వార్డు కమ్యూనిటీ హాలును స్వాధీనం చేసుకుని ఉప కళాకేంద్రంగా మార్చడమవుతుంది.

కొండ మీద నాలుగు పక్కలా చదునుగా ఉన్న చోటు ఆ హాలొక్కటే. దానికి ఇసక, ఇటుక మెట్ల మీదుగా నెత్తిన మోసింది ఆడవాళ్ళే. అందులో ఏడు కుట్టు మిషన్లున్నాయి. మూడు బళ్ళకి యూనిఫారాలు అక్కడే కుడతారు, ఇరవై ఇళ్ళు ఆ మిషన్ల మీద నడుస్తాయి. సొంతిల్లు పోతుందన్నా నూకరత్నం అంత బెంగపడేది కాదేమో.

"తీసుకొస్తాం సార్," అంది. "ఎంతమంది కావాలో సెప్పండి."

బుధవారం పొద్దున్నే నూట ఆరుగురు రెండు బస్సుల్లో కళాకేంద్రం ముందు దిగారు. చాలామందికి ఆ కట్టడం కొత్త కాదు. చేపల బుట్టలకి ఐసు కోసం అక్కడ వరసలో నిలబడ్డవాళ్ళే. లోపల మొదటి గోడ నిండా ఒక పెద్ద ఎర్ర బొమ్మ ఉంది. ఎరుపు తప్ప ఇంకేమీ లేదు. ఆడవాళ్ళు దాన్ని చూశారు, నేల చూశారు, అలవాటు ప్రకారం మధ్యలో దారి వదిలి, పొట్టివాళ్ళు ముందూ పొడుగువాళ్ళు వెనకా వరసలుగా కింద కూర్చున్నారు. కూర్చుని బొమ్మకేసి చూస్తూ ఉండిపోయారు.

అరగంట గడిచింది. ఇడ్లీల బంగారమ్మ మోచేత్తో పొడిచింది. ఆమె నూకరత్నానికి అప్ప వరస, అరవై దాటినా నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది. "ఓలే రత్నం, ఇదెప్పుడు మొదలవుద్దే?"

"ఏటప్పా?"

"ఈ ఎర్రది."

కళాకేంద్రం నిర్వాహకురాలు తన్వి అప్పుడే వచ్చింది. ఇస్త్రీ లేని నారచీర కట్టుకుంది. ఇస్త్రీ లేకపోవడమే ఆ చీర ఘనత. నూట ఆరుమంది మౌనంగా ఒక్క బొమ్మ ముందు కూర్చోవడం చూసి ఆమె కళ్ళు చెమర్చాయి. "ఇంత డీప్ లుకింగ్ నేను ఏ సిటీలోనూ చూడలేదు," అంది. పెద్దమనిషెవరో మాట్లాడారని నూకరత్నం చెయ్యెత్తింది. గది దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి. తన్వి ఉలిక్కిపడి, మంత్రిగారేమైనా వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూసుకుంది.

ఆనందం రాసుకునే ఉద్యోగి పేరు గోవిందు. నెల కిందటి వరకూ దోమల విభాగంలో నీళ్ళ తొట్లలో లార్వా లెక్కపెట్టేవాడు. ఇప్పుడు ఆస్వాదనా పరిశీలకుడు. టార్చిలైటు అదే, అట్టా క్లిప్పూ అవే, అట్ట మీద ఫారం ఒక్కటే కొత్తది. అందులో నవరసాలకి తొమ్మిది గడులున్నాయి. మనిషి మొహం మీద లైటు వేసి, ఏ రసం కనబడితే ఆ గడిలో టిక్కు పెట్టాలి. తొమ్మిదో గడి మీద మాత్రం ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి ఉంది.

"అదేటి బాబూ, కొట్టీసినారు?" అని బంగారమ్మ అడిగింది.

"శాంతం అండి. శాంతంగా ఉన్నా, ఏమీ లేకపోయినా మొహం ఒకలాగే ఉంటుందని ఆడిట్ వాళ్ళు అభ్యంతరం పెట్టారు. అందుకని శాంతం లెక్కలోకి తీసుకోం. మిగతా ఎనిమిదిలో ఏదో ఒకటి చూపించండి."

"సూపిత్తాం గానీ, ఈ ఎర్రదాని పేరేటి?"

గోవిందు గోడ మీది చీటీ చదివాడు. "పేరు లేదు, నాలుగు."

"నాలుగో బిడ్డ పుట్టీదాకా పేరెట్టనేదేటి? ఒక్కదానికీ బారసాల సెయ్యనేదా?"

నూట ఆరుగురూ పగలబడి నవ్వారు. నూకరత్నం ఆశగా గోవిందు కేసి చూసింది. అతను బాధగా తల ఊపాడు. వాళ్ళు నవ్వింది బొమ్మకి కాదు, బొమ్మ పేరుకి. నిబంధనల ప్రకారం అది చెల్లదు.

సాయంత్రానికి వచ్చినవి పదకొండు ఆనందాలు. వాటిలో నాలుగు పులిహోర పొట్లాలు పంచుతున్నప్పుడు కనబడ్డవి. గోవిందు మంచివాడు కనుక రాసుకున్నాడు.

లక్ష్యం ఆరువందలు, చేతిలో ఉన్నవి పదకొండు. నూకరత్నం ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. మర్నాడు మంచి చీర కట్టుకుని ఒక్కతే మళ్ళీ కళాకేంద్రానికి వెళ్ళింది. బొమ్మలు చూడటానికి కాదు, బొమ్మలు చూసేవాళ్ళని చూడటానికి. కెఫేలో ఆకు గీసిన కాఫీ తాగి, వదులు పంట్లాములు, వెండి కడియాలు వేసుకుని వచ్చే నగర జనం బొమ్మ ముందు ఏం చేస్తారో ఒక మూల బెంచీ మీద కూర్చుని మధ్యాహ్నం దాకా గమనించింది. వాళ్ళలో ఎవరికి ఏం ఆనందం కలుగుతోందో ఆమెకి అంతు చిక్కలేదు. కానీ అందరూ చేసే పని ఒక్కటే. అది పట్టేసింది.

మూడు రోజుల్లో హాలు గోడ మీద చార్టు లేచింది. చేతులు కడుక్కునే దినోత్సవానికి వేసిన ఏడు అంచెల చార్టు వెనక పక్కనే రాసింది. ఒకటి, బొమ్మ ముందు ఆగాలి. రెండు, రెండడుగులు వెనక్కి వెయ్యాలి. మూడు, తల కుడి పక్కకి వంచాలి. నాలుగు, రెండు వేళ్ళు గడ్డం మీద పెట్టాలి. ఐదు, కళ్ళు సగం మూయాలి. ఆరు, ముక్కుతో నిట్టూర్చాలి. ఏడు, ఇంకా ఏదో ఉన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూసి కదలాలి.

మిషన్ల మధ్య వరసగా నిలబెట్టి గోడ మీది క్యాలెండరు ముందు సాధన చేయించింది. విజిలు ఊదితే వెనక్కి రెండడుగులు, మళ్ళీ ఊదితే తల వంపు.

"ఓలమ్మో, మెడ పట్టీసిందే," అంది బంగారమ్మ.

"హాలు పోతాది అప్పా. వంచు."

"హాలు కోసం మెడ ఇరుసుకోమంటే ఇరుసుకుంతాను గానీ, ఆనందం కోసమంటే నా వల్ల కాదే," అంటూ వంచింది.

ఆడవాళ్ళు ఏదైనా నేర్చుకుంటే అది ఒంటబట్టే దాకా వదలరు. కొండ కిందికి వచ్చే కూరల బండి ముందు కూడా రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి, గడ్డం మీద వేళ్ళు పెట్టి వంకాయల్ని చూడటం మొదలుపెట్టారు. ఆ చూపుకి బండివాడు తట్టుకోలేక అడక్కుండానే రెండు కాయలు కొసరు వేసేవాడు.

నెలాఖరుకల్లా పదమూడో వార్డుకి ఆరువందల పన్నెండు ఆనందాలు వచ్చాయి. మూడో నెలకి పందొమ్మిది వందలు. ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియక గోవిందు అన్నింటినీ అద్భుతంలో వేసేశాడు. మిగతా వార్డుల ఆర్.పి.లు పుస్తకాలు పట్టుకుని కొండెక్కి వచ్చి ఏడు అంచెలూ ఎక్కించుకున్నారు. శేషశయనం గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. వెంటనే ఒక ఉత్తర్వు వచ్చింది: "పదమూడో వార్డునందు మిగులుగా ఉన్న ఆనందాలలో ఐదువందలను ఇరవై రెండో వార్డుకు సర్దుబాటు చేయడమైనది." ఇరవై రెండో వార్డులో అన్నీ అపార్టుమెంట్లే. అక్కడివాళ్ళకి ఆనందించే తీరిక లేదు.

"మనల్నడక్కుండా మన ఆనందం ఎత్తుకెళ్ళిపోయినారేటే," అంది బంగారమ్మ. "పోన్లే, ఆళ్ళ మెడలైనా బాగుంతాయి."

అంతా సవ్యంగా సాగుతున్న నాలుగో నెలలో ఒక బుధవారం బంగారమ్మ కనబడకుండా పోయింది. బస్సు ఎక్కేముందు తలలు లెక్కపెడితే ఒకటి తక్కువ. నూకరత్నం గది గదీ వెతుక్కుంటూ లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళింది. చివర్న తొమ్మిదో గది ఉంది. ఒకప్పుడు ఐసు దిమ్మలు నిలవ చేసిన గది అది. గోడలు మూరెడు మందం. లోపల తెల్ల సున్నం, ఒక పొడుగాటి చెక్క బల్ల. ఇంకేమీ లేదు. గుమ్మం పక్కన చీటీ: పేరు లేదు, తొమ్మిది. నగర జనం గుమ్మం దాకా వచ్చి, ఫోనెత్తి తమ ఫొటో తీసుకుని, పక్క గదికి పోయేవాళ్ళు. బంగారమ్మ ఆ బల్ల మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అప్పా, బస్సు పోతాది. ఏటి సేస్తన్నావు?"

"ఏటీ నేదే. కూకో."

తిట్టడానికే నూకరత్నం కూర్చుంది. కూర్చున్నాక తిట్టు గుర్తు రాలేదు. చేతిలో ఫోను చూసింది. ఆ గోడల్లోంచి సిగ్నలు రాదు. బస్సు హారను వినబడలేదు, బజారు చప్పుడు వినబడలేదు, అమ్మా అనీ అక్కా అనీ ఆర్.పి. గారూ అనీ ఏ పిలుపూ వినబడలేదు. ఒక్క గదిలో ఆరుగురు ఉండే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కాపురానికి వచ్చి, ఆపైన ఊరందరి ఫోన్లూ ఎత్తే ఉద్యోగం చేస్తున్న మనిషి. ఎవరూ పిలవని చోట కూర్చోవడం ఆమెకి అదే మొదలు. ఎందుకో తెలియలేదు గానీ కళ్ళనీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదు. చాలా హాయిగా ఉంది.

తర్వాతి బుధవారం నుంచి ఎవరూ చెప్పకుండానే తొమ్మిదో గది ముందు వరస కట్టారు. పదిమంది లోపల కూర్చుంటే మిగతావాళ్ళు బయట ఓపిగ్గా నిలబడేవాళ్ళు. ఎర్ర బొమ్మ ముందు తల వంచే నాథుడు లేడు. గోవిందు టార్చి వేసి ఒక్కొక్క మొహమే చూశాడు. ఏ కదలికా లేదు. కనురెప్పలు మెల్లగా పడుతున్నాయి, లేస్తున్నాయి. అతను ఫారం చూశాడు, ఎర్ర సిరా గీత చూశాడు.

"నన్నేం రాయమంటారమ్మా," అన్నాడు దీనంగా. "ఇది ఏ రసమో నాకు తెలుసు. కానీ ఆ గడి కొట్టేశారు."

ఆ నెల ఆనందాలు నలభై రెండు. ఐదో తారీఖున హాలు తలుపుకి నోటీసు అంటించారు. తదుపరి నెలలో లక్ష్యం చేరని పక్షంలో మిషన్లు తొలగించి హాలును అప్పగించవలెను.

నూకరత్నం సంఘాన్ని కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది. బుధవారం బుధవారమే. బస్సు దిగితే ఏడు అంచెలు, తొమ్మిదో గది వైపు ఎవరూ చూడకూడదు. అందరూ తలలూపారు. ఆదివారం మాత్రం బంగారమ్మ, ఇంకో పదకొండుమంది సిటీ బస్సెక్కి, టిక్కెట్లు తామే కొనుక్కుని కళాకేంద్రానికి వెళ్ళారు. వాళ్ళని ఆపడానికి వెళ్ళిన నూకరత్నం, నిజం చెప్పాలంటే, అదే బస్సెక్కింది.

గుమ్మం దగ్గర గోవిందు, బస్సుల్లో వచ్చే వార్డుల జనం కోసం పెట్టిన రిజిస్టరు తెరిచాడు. "ఎవరు తీసుకొచ్చారు?"

"ఎవలూ తేనేదు బాబూ. మేమే ఒచ్చినాం."

"ఏ ఉత్తర్వు కింద?"

"ఉత్తరవేటి? రావాలనిపించింది, ఒచ్చినాం."

గోవిందు రిజిస్టరు ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలు పెట్టి వెతికాడు. తెచ్చిన అధికారి పేరు, ఉత్తర్వు సంఖ్య, బస్సు నంబరు, పొట్లాల సంఖ్య. "ఎవరూ తీసుకురాకుండా వచ్చినవాళ్ళకి ఇందులో గడి లేదమ్మా," అన్నాడు. "లోపలికి పంపితే రేపు నేనేం సమాధానం చెప్పాలి?" పన్నెండుమందీ నూకరత్నంతో కలిసి అక్కడే ఎండలో కాసేపు నిలబడి తిరిగి వచ్చేశారు.

ఆ నెలలోనే ఢిల్లీ బృందం రావడం ఖాయమైంది. కొత్త మార్కుల పట్టికలో స్వచ్ఛంద ఆస్వాదకులు అనే పేరుతో నాలుగువందల మార్కులు కలిపారు. శేషశయనం గారు అదే రోజు అన్ని వార్డులకీ ఉత్తర్వు పంపారు: "పదిహేడో తేదీ ఉదయం సరిగ్గా పది గంటలకు వార్డుకు యాభైమంది స్వచ్ఛందంగా హాజరు కావలెను. స్వచ్ఛందంగా రానివారిపై తగు చర్య తీసుకొనబడును."

పదిహేడున పదమూడో వార్డు స్వచ్ఛంద ఆస్వాదకులు ఎర్ర బొమ్మ ముందు బారులు తీరారు. నూకరత్నం విజిలు కొంగులో దాచి, చూపుడు వేలు ఆడించింది. యాభై తలలు ఒక్కసారి కుడికి వంగాయి, యాభై నిట్టూర్పులు ఒక్కసారి లేచాయి. శేషశయనం గారు వెలిగిపోయారు. బృందంలో ముగ్గురు ఉన్నారు. వాళ్ళలో పెద్దావిడ సరోజినీ బెహరా, బరంపురం మనిషి, తెలుగు బాగానే వచ్చు. ఆవిడ ఆ నిట్టూర్పులు విని వరస వెంట నడిచింది. బంగారమ్మ దగ్గర ఆగింది.

"మీకు ఇక్కడ అన్నిటికన్నా ఏది నచ్చిందమ్మా?"

శేషశయనం గారు వేలితో ఎర్ర బొమ్మ చూపించారు. నూకరత్నం కళ్ళతో చూపించింది. బంగారమ్మ ఇద్దర్నీ చూసింది.

"సివరాకర్న ఒక కాళీ గది ఉంది తల్లీ. అదీ."

"అందులో ఏముంది?"

"ఏటీ నేదు. అందులోకెల్తే నన్నెవలూ పిలవరు."

బెహరా గారి చేతిసంచీలో ఫోను మోగింది. మోగుతూనే ఉంది. ఆవిడ దాన్ని తీసి చూడకుండా తన్వి చేతికిచ్చి, తొమ్మిదో గదిలోకి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో వస్తుందనుకున్నారు. యాభై నిమిషాలకి వచ్చింది. బయటికొచ్చి, ఆధారం అన్నచోట నాలుగు పేజీలు రాసుకుంది.

నెల తిరిగేసరికి ఫలితాలు వచ్చాయి. నలభై ఒకటో స్థానపు ఊరు రెండో స్థానానికి ఎగబాకింది. శేషశయనం గారికి శాలువాలు కప్పారు. తన్వి నూకరత్నాన్ని కావలించుకుంది. పదమూడో వార్డుకి ఉత్తమ ఆస్వాదక వార్డు అని బిరుదిచ్చారు. హాలు దక్కిందని కొండ మీద ఆ పూట అందరిళ్ళలోనూ పాయసం వండుకున్నారు.

మర్నాడు శేషశయనం గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. వెనక తన్వి, ఆ వెనక అట్ట పట్టుకుని గోవిందు. మిషన్లు ఆగాయి.

"మీ వార్డు ప్రజలు శూన్య గది పట్ల కనబరచిన అపారమైన మక్కువను ప్రభుత్వం గుర్తించింది," అని ఆయన చదివారు. "ఇకపై మీరు దానికోసం అంత దూరం రానవసరం లేకుండా, ఇదే హాలును ఖాళీ చేయించి, సున్నం వేసి, రాష్ట్రంలోనే మొట్టమొదటి వార్డు స్థాయి శూన్య గదిగా తీర్చిదిద్దడమవుతుంది. ఇది మీ ఆనందానికి బహుమానం. మిషన్లు ఎల్లుండి తీసుకుపోతారు."

ఆనందం తక్కువైతే హాలు పోతుందన్నారు, సరే. ఎక్కువైనా పోతుందని ఎవరూ చెప్పలేదు. బంగారమ్మ మొహం చిన్నబోయింది. "నా నోరే నా హాలు తీసీసిందే రత్నం," అంది నెమ్మదిగా. ఆ నోటి నుంచి అంత చిన్న గొంతు రావడం నూకరత్నం ఎప్పుడూ వినలేదు. ఆమెకి ఒళ్ళు మండింది. బతిమాలదామని లేచింది. లేచాక, పదిహేనేళ్ళ సభల్లో తను చూసిందంతా గుర్తుకొచ్చింది.

చేతులు కట్టుకుని చాలా వినయంగా అడిగింది. "చాలా సంతోషం సార్. మరి ప్రారంభోత్సవం ఉంటాదా?"

"తప్పకుండా. ఘనంగా చేద్దాం."

"శిలాఫలకం?"

"అది లేకుండా ఎలా?"

"దాని మీద మొదటి పేరు ఎవరిదండీ? మా జనానికి ముందే సెప్పుకోవాల. మా వార్డు కార్పొరేటర్ గారిదా, మేయరు గారిదా? ఎమ్మెల్యే గారు కూడా మొన్న ఈ హాలు తనే ఇప్పించానన్నారు. ఎంపీ గారి నిధులు కూడా ఉన్నాయి మరి. ఇన్‌ఛార్జి మంత్రిగారైతే సరే సరి."

శేషశయనం గారి మొహంలో రంగు దిగిపోయింది. గోవిందు అలవాటు కొద్దీ టార్చి వేశాడు. భయానకం. ఆ గడి చెల్లుతుంది కనుక టిక్కు పెట్టేశాడు.

"పరిశీలించి, ప్రోటోకాల్ విభాగం అభిప్రాయం తెప్పించుకుని తెలియజేస్తాం," అన్నారు శేషశయనం గారు మెల్లగా.

"అందాకా మిషన్లండీ?"

"ప్రారంభోత్సవం జరిగే వరకూ యథాతథ స్థితి."

ఇది జరిగి పద్నాలుగు నెలలైంది. మొదటి రాతి మీద మంత్రిగారి పేరు పైన, ఎమ్మెల్యే గారి పేరు కింద చెక్కారు. ఎమ్మెల్యే గారు అక్షరాల ఎత్తు స్కేలు పెట్టి కొలిపించారు. రెండో రాతి మీద అందరి పేర్లూ ఒకే ఎత్తులో వచ్చాయి. దానికి మంత్రిగారు నొచ్చుకున్నారు. మూడోదాని మీద ఎంపీ గారి పేరు మర్చిపోయారు. పనికిరాని ఆ రాళ్ళు మూడూ హాలు వెనకే పడి ఉన్నాయి. ఒకదాని మీద బట్టలుతుకుతారు, ఒకదాని మీద బంగారమ్మ పచ్చడి నూరుతుంది, మూడోది మిషన్లకి నూనె వేసేటప్పుడు పీటలాగా పనికొస్తోంది. నాలుగో రాయిని హాలు గుమ్మం పక్కన నిలబెట్టి, పసుపు పట్టు గుడ్డ కప్పి, తాడు కట్టి ఉంచారు. దానిమీద ఏ పేరు ముందుందో చెక్కినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆదివారాలు వాళ్ళు మళ్ళీ తొమ్మిదో గదికి వెళుతున్నారు. రిజిస్టరులో గోవిందు ఇప్పుడు వాళ్ళని దోమల లార్వా తనిఖీ బృందం అని రాసుకుంటాడు. దానికి గడి ఉంది.

రోజూ పొద్దున్న మిషన్ల దగ్గరికి పోయేముందు ఆడవాళ్ళు ఆ పసుపు గుడ్డ ముందు ఆగుతారు. రెండడుగులు వెనక్కి వేస్తారు. తల కుడికి వంచి, గడ్డం మీద వేళ్ళు పెట్టి, కళ్ళు సగం మూసి, ముక్కుతో నిట్టూరుస్తారు. లోపలికి పోతూ ఇంకోసారి వెనక్కి తిరిగి చూస్తారు.

మొన్న గోవిందు తనిఖీకి వచ్చాడు. గుడ్డ కప్పిన రాయి ముందు నిలబడ్డ బంగారమ్మ మొహం మీద టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"ఏ రసం రాసుకోమంటావమ్మా?"

లోపల ఏడు మిషన్లూ ఒక్కసారే టకటకలాడుతున్నాయి. బంగారమ్మ మెడ నిటారుగా పెట్టుకుంది.

"శాంతం రాసుకో బాబూ," అంది.

గోవిందు చుట్టూ చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, ఎర్ర గీత పక్కన చిన్నగా టిక్కు పెట్టాడు.